చాలినంత సంతోషం

భూటాన్‌కి 1999 చిత్రమైన సంవత్సరం. ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించింది. జూన్‌లో, రాజుగారి పట్టాభిషేక రజతోత్సవం నాడు, టెలివిజన్‌కి అనుమతి ఇచ్చింది. అప్పటిదాకా ఆ దేశంలో టీవీ ప్రసారాలే లేవు. రెండు నెలల తేడాలో ఒకదానికి తలుపు మూసి ఇంకోదానికి తెరిచింది ఒకే ప్రభుత్వం. అదీ, జాతి సంపద కన్నా జాతి సంతోషమే తనకి ముఖ్యమని లోకానికి చెప్పుకున్న ప్రభుత్వం.

పాతికేళ్లు దాటాక చూస్తే, తలుపు తెరిచినదీ లోపలికొచ్చింది, మూసినదీ లోపలికొచ్చింది. ప్లాస్టిక్ నిషేధాన్ని 2005లో మళ్లీ చాటింపు వేయాల్సి వచ్చింది. 2019 ఏప్రిల్ 1న మరోసారి. ఒకే నిషేధానికి ఇన్నిసార్లు ప్రారంభోత్సవం జరిగిందంటే అది ఏ మేరకు అమలైందో వేరే చెప్పనక్కర్లేదు. మనకేమీ కొత్త కాదు. మన మునిసిపాలిటీలు కూడా ఏటా ఒకసారి నిషేధిస్తూనే ఉంటాయి.

అయినా భూటాన్ కథ మీద నాకు తగని ఆసక్తి. ఎందుకంటే ఒక చేత్తో వస్తువుల్ని వద్దంటూ, ఇంకో చేత్తో జనం సంతోషాన్ని టేపు పెట్టి కొలిచిన దేశం ప్రపంచంలో అదొక్కటే. మిగతా దేశాలు ఈ రెండు పనులూ వేర్వేరు కార్యాలయాల్లో చేస్తాయి. ఒకరు చేసేది ఇంకొకరికి తెలియదు. భూటాన్‌లో రెంటికీ మూలం ఒకే ఆలోచన. కాబట్టి అక్కడైనా ఒక ప్రశ్నకి జవాబు దొరకాలి: ఒక వస్తువుని వాడొద్దని సర్కారు అంటే, జనం సంతోషం పెరుగుతుందా, తరుగుతుందా?

నిషేధంలో ఏముందో ముందు చూద్దాం. చేతిసంచులు, ఇళ్లలో తయారుచేసి అమ్మే ఐసు పొట్లాలు, 'దోమా' చుట్టే కాగితాలు. దోమా అంటే మన కిళ్లీకి పెద్దన్న అనుకోండి. పచ్చి వక్క, తమలపాకు, సున్నం. వక్క ఎంత ఘాటంటే చలికాలంలో నములుతుంటే నుదుటి మీద చెమట పడుతుంది. ఆఫీసరు నుంచి కూలీ దాకా అందరి బుగ్గలోనూ అదే. దాన్ని పల్చటి ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మడం అలవాటైంది; ఆ చుట్టు లాగి పారేస్తే కాలవలో పడేది. ఒక చిన్న దేశంలో, కొండవాలు మీద, ఆ చుట్టు తేలిగ్గా నదిలోకి దొర్లుతుంది. నిషేధించాలనిపించడంలో తప్పేమీ లేదు.

కానీ భూటాన్‌లోకి వచ్చే సరుకులో ఎక్కువ భాగం ఇండియా నుంచే. ఫుంత్‌షోలింగ్‌లో ఒక రంగుల ద్వారం ఉంటుంది. ఇటు పక్క పశ్చిమ బెంగాల్లోని జైగావ్. చేతిబండ్లు, రిక్షాలు, హారన్లు, వేయించిన నూనె వాసన. ద్వారం దాటి నాలుగడుగులు వేస్తే నిశ్శబ్దం, శుభ్రం, జీబ్రా గీతల మీద నడిచే మనుషులు. రెండూళ్లకీ మధ్య గోడే అడ్డం. ఆ గోడ ఇటువైపు కిలోల లెక్కన దొరికే పాలిథిన్, అటువైపు నేరం. కూరగాయల గంపలో అడుగున రెండు కట్టలు దాచుకెళ్లడం ఎంతసేపు?

రాజధాని థింపూలో వాంగ్‌ఛూ నది ఒడ్డున పెద్ద కూరగాయల సంత ఉంది. అక్కడ ఎండుమిరపకాయలు కొంటే ఒకామె నాకు గుడ్డలాంటి సంచిలో వేసి ఇచ్చింది. అచ్చం మన బట్టల షాపుల్లో ఇచ్చే రకం. చూడ్డానికి గుడ్డ, నిజానికి పాలీప్రొపిలీన్. అంటే అదీ ప్లాస్టిక్కే, కాకపోతే కప్పుకున్న రూపం వేరు. నిషేధాలు ఎక్కడైనా ముందు సాధించేది ఇదే; వస్తువు పోదు, వేషం మారుస్తుంది. మన దేశంలో 2022 జూలై 1న ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితా వచ్చినప్పుడూ అంతే. స్ట్రాలు, ప్లేట్లు, ఐస్‌క్రీం పుల్లలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పొర, చివరికి చెవిలో పెట్టుకునే పుల్ల కూడా అందులో ఉంది. సంచికి మాత్రం మందం లెక్క: ముందు 75 మైక్రాన్లు, ఏడాది చివరికి 120. మైక్రాన్లు కొలిచే పరికరం మా వీధి చివర కొబ్బరిబోండాల అబ్బాయి దగ్గర ఉంటుందని చట్టం రాసినవాళ్లు అనుకుని ఉంటారు.

ఇక రెండో చెయ్యి సంగతి. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1979లో హవానాలో అలీన దేశాల సదస్సు నుంచి తిరిగొస్తూ బొంబాయి విమానాశ్రయంలో విలేకరులు అడిగిన ప్రశ్నకి, స్థూల జాతీయోత్పత్తి కన్నా స్థూల జాతీయ ఆనందం ముఖ్యం అన్నాడని చెబుతారు. విమానం కోసం ఎదురుచూస్తూ అన్న మాట ఒక దేశానికి సిద్ధాంతమైంది. 2008 రాజ్యాంగంలోకి ఎక్కింది. దేశంలో కనీసం 60 శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలన్న నియమం కూడా ఆ రాజ్యాంగంలోనే ఉంది. మాట చెప్పడం తేలికే. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని కొలవాలని కూర్చున్నారు చూశారూ, అసలు కథ అక్కడుంది.

కొలిచే పని భూటాన్ అధ్యయన కేంద్రానికి, దాని పెద్ద కర్మ ఉరాకి పడింది. తొలి ప్రయోగంలో తయారుచేసిన ప్రశ్నావళి ఎంత పొడుగంటే, ఒక్క మనిషిని అడిగి ముగించడానికి ఏడెనిమిది గంటలు పట్టేది. పొద్దున కూర్చుంటే పొయ్యి మీద సాయంత్రం ఎసరు పడేదాకా నీ సంతోషం గురించి చెప్పమ్మా అని అడగడమే! అన్ని గంటలు అడిగితే ఎంత సుఖంగా ఉన్నవాడికైనా విసుగొస్తుంది. తర్వాత కుదించారు. 2010లో ఏడు వేల మందికి పైగా అడిగారు, 2015లో మళ్లీ అడిగారు, 2022లో పదకొండు వేల మందిని. తొమ్మిది రంగాలు, వాటి కింద 33 సూచికలు. ఆరోగ్యం, చదువు, కాలవినియోగం, సంస్కృతి, పాలన, పర్యావరణం, ఇరుగుపొరుగు, మనశ్శాంతి, జీవన ప్రమాణం. సూచీ విలువ 2010లో 0.743, 2015లో 0.756, 2022లో 0.781. మూడు దశాంశ స్థానాల దాకా సంతోషం.

నవ్వొస్తుంది గానీ, లోపలికెళ్లి చూస్తే నాకు నచ్చినవి ఉన్నాయి. పని గంటల్లో జీతం వచ్చే పనినే లెక్కపెట్టలేదు; వంట, పిల్లల్ని చూసుకోవడం, నీళ్లు మోయడం అన్నీ కలిపారు. ఎనిమిది గంటలు దాటితే ఆ మనిషికి తీరిక చాలనట్టే. ఎనిమిది గంటల కన్నా తక్కువ నిద్రపోతే నిద్ర చాలనట్టే. అలా లెక్కవేసేసరికి 2010లో మగవాళ్లలో దాదాపు సగం మంది సంతోషవంతులుగా తేలారు, ఆడవాళ్లలో మూడో వంతే. జీడీపీ లెక్కలు ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఈ సంగతి చెప్పాయా? ఇంకో సూచిక, అడవి జంతువుల వల్ల పంటనష్టం. అడవిని కాపాడితే పందులొస్తాయి, ఏనుగులొస్తాయి, రాత్రంతా మంచె మీద కాపలా కాయాలి. పర్యావరణాన్ని కాపాడే ఖర్చు రైతు నెత్తిన పడుతుందని ఒప్పుకుని, దాన్ని సంతోషపు ఖాతాలో తరుగుగా రాసుకున్న ప్రభుత్వాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. టోపీ తీయాల్సిన నిజాయితీ అది.

చిక్కు ఇంకోచోట ఉంది. ఈ సూచీ కట్టిన పద్ధతి ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసే సబీనా ఆల్కైర్, ఆర్థికవేత్త జేమ్స్ ఫోస్టర్ కలిసి తయారుచేసింది. నిజానికది పేదరికాన్ని కొలవడానికి పుట్టిన పద్ధతి. పేదరికం లెక్కలో ఒక గీత ఉంటుంది. గీత కింద ఎవరున్నారో చూస్తారు, పైనున్నవాడికి లక్ష ఉందా కోటి ఉందా అన్నది ఆ లెక్కకి అక్కర్లేదు. న్యాయమే. అదే ఉపాయాన్ని భూటాన్ వాళ్లు సంతోషానికి తిప్పారు. ప్రతి సూచికకీ 'ఇది చాలు' అని ఒక గీత గీశారు. ఫ్రిజ్జు, టీవీ, ఫోను, వాషింగ్ మెషీను వంటి వాటిలో ఇంటికి మూడుంటే చాలు. లేదా ఐదెకరాల నేల. ఇంట్లో గదికి ఇద్దరు. ఆదాయం పేదరికపు గీతకి ఒకటిన్నర రెట్లు. గీత దాటాక ఎంత ఉన్నా లెక్కలోకి రాదు. నాలుగో వస్తువు మీ ఇంటికొచ్చినా సూచీ కదలదు. ఆ నాలుగోది పోయినా కదలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్దాం. గీతకి పైనున్న వస్తువు దేన్ని ప్రభుత్వం నిషేధించినా, ఆ నిషేధం వల్ల కలిగే నష్టం ఈ కొలతలో కనిపించదు. కనిపించకుండా ఎవరో దాచలేదు; కొలబద్దని తయారుచేసిన తీరే అంత. కార్ల దిగుమతిని 2012లో ఆపారు, ఇండియా రూపాయల కొరత వచ్చి. 2022లో మళ్లీ ఆపారు, విదేశీ నిల్వలు తరిగి. 2012లోనే వారానికొకరోజు ఊరి నడిమధ్య కార్లు తిరగకూడదని మంగళవారాన్ని 'పాదచారుల దినం' చేశారు. వానలో పిల్లల్ని బడికి నడిపించుకెళ్లిన తల్లులు, దుకాణాలు బోసిపోయిన వర్తకులు గోల పెడితే కొంతకాలానికి ఆ ముచ్చట తీరిపోయింది. ఆ గోల వీధిలో వినిపించింది గానీ సూచీలో మచ్చుకైనా కనపడలేదు. కనపడే దారే లేదు.

పొగాకు కథ ఇంకా ఘాటు. అది ఆరోగ్యం పేరుతో పెట్టిన నిషేధం, పర్యావరణం పేరుతో కాదు, కాని గీత గీసిన చెయ్యి అదే. 2004లో దేశమంతటా పొగాకు అమ్మకం ఆపేశారు. 2010లో చట్టం బిగించారు. మరుసటి ఏడాది, నమిలే పొగాకు కాస్తంత తెచ్చుకున్నాడని ఒక కుర్ర భిక్షువుకి మూడేళ్ల శిక్ష పడింది. దేశంలో అలజడి రేగింది. చివరికి కోవిడ్ వచ్చి ఆ నిషేధాన్ని పడగొట్టింది: సరిహద్దు మూసినా పొగాకు దొంగరవాణా ఆగలేదు, దాంతోపాటు రోగమూ వచ్చేలా ఉందని, ప్రభుత్వమే దుకాణం తెరిచి సిగరెట్లు అమ్మింది. 2021లో చట్టం మార్చారు. పదహారేళ్ల నిషేధం తర్వాత సర్కారు కొట్లో సిగరెట్టు కొనుక్కున్నవాడి ఆ సాయంత్రపు సంతోషం ఏ సూచికలో చేరుతుందో కర్మ ఉరాగారినే అడగాలి.

వద్దన్నదాని మీద మనిషికి కొంటెతనం పుడుతుంది. యూరప్‌లో 2009 సెప్టెంబరు నుంచి వంద వాట్ల పాత బల్బులు ఆపేస్తే జర్మనీలో జనం పెట్టెలకొద్దీ కొని అటకెక్కించారు. ఒక ఇంజినీరైతే అవే బల్బుల్ని 'చిన్న హీటర్లు' అని పేరు మార్చి అమ్మకానికి పెట్టాడు. కరెంటులో అధికభాగం వేడిగా పోతుందని మీరే కదా నిషేధించారు, నేను వేడినే అమ్ముతున్నాను, వెలుతురు ఊరికే వస్తుంది అన్నాడు. అధికారులకి నవ్వు రాలేదు.

భూటాన్ గీతల పద్ధతి నచ్చనివాళ్లకి ఇంకో కొలత ఉంది. 1965లో హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు చెప్పిన నిచ్చెన. అడుగున సున్నా, పైన పది. మీకు సాధ్యమయ్యే అత్యుత్తమ జీవితం పది అనుకుంటే ఇప్పుడు ఏ మెట్టు మీదున్నారు? అంతే ప్రశ్న. ఏడెనిమిది గంటలు అక్కర్లేదు, అర నిమిషం చాలు. గీత ఎవరూ గీయరు. ఎవరి పది వాళ్లదే. 'ప్రపంచ సంతోష నివేదిక' ఈ నిచ్చెన మీదే నడుస్తుంది. ఏటా మార్చి 20కి మన పత్రికలు ఉడికిపోయేది దీని మీదే. 2019లో 156 దేశాల్లో మనది 140, పాకిస్తాన్‌ది 67. ఆ వారమంతా టీవీల్లో కూర్చున్న పెద్దలెవరూ సంతోషంగా లేరు.

తమాషా ఏమిటంటే ఈ నివేదిక పుట్టడానికి భూటానే కారణం. 2011లో ఐక్యరాజ్యసమితిలో సంతోషం మీద తీర్మానం ప్రతిపాదించింది వాళ్లే. 2012 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వాళ్లు పెట్టిన సమావేశం కోసమే తొలి నివేదిక తయారైంది. ఏడేళ్లు తిరిగేసరికి అదే నివేదికలో భూటాన్ స్థానం 95. వాళ్ల సొంత కొలత సర్వే సర్వేకీ పెరుగుతోందంటుంది. వాళ్లు పిలిచి పీట వేసిన కొలత మధ్య వరసకి కూడా పైకి రానివ్వదు. రెండూ అబద్ధం కాదు. ఒకటి ప్రభుత్వం గీసిన గీత దగ్గర ఆగుతుంది, ఇంకొకటి మనిషి కోరిక ఎంత దూరం పోతే అంత దూరం పోతుంది. టీవీ వచ్చాక ఆ నిచ్చెనకి పై మెట్టు ఎక్కడుందో థింపూ పిల్లలు కూడా చూశారు మరి. 1999 జూన్‌లో తెరిచిన తలుపు మామూలుది కాదు.

మన దగ్గరా ఈ రెండు చేతులూ అప్పుడప్పుడు ఆడతాయి. 2018 ఏప్రిల్‌లో అమరావతిలో సంతోష నగరాల సదస్సు జరిగింది. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించారు. నవంబరు నుంచి అన్నది జనవరి 26కి జరిగింది. ఆ మధ్యలో మా విజయవాడలో ఫ్లెక్సీలు ముద్రించే ఒకాయన దగ్గరికి పనిమీద వెళ్లాను. మెషీను మీద అప్పు తీరలేదు. పక్కనే ఏదో పెళ్లి ఫ్లెక్సీ, ఇంకా తడిగానే ఉంది. "మాస్టారూ, ఫ్లెక్సీ వచ్చినప్పుడు గుడ్డ మీద బ్యానర్లు రాసేవాళ్ల పొట్ట కొట్టామని మమ్మల్ని తిట్టారు. ఇప్పుడు మా పొట్ట కొడితే వాళ్లేమన్నా తిరిగొస్తారా? కుంచె పట్టేవాడు ఒక్కడు మిగిలాడా చెప్పండి" అన్నాడు. నేనేం చెబుతాను. ఫ్లెక్సీ అంటే పీవీసీ, తగలబెడితే విషమే. ఊళ్లోని కూడళ్లు వాటితో ఎలా తయారయ్యాయో రోజూ చూస్తున్నాను. నిషేధం సబబే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆయన అడిగింది నిషేధం సబబా కాదా అని కాదు. తన నష్టాన్ని ఎవరు రాసుకుంటున్నారని. భూటాన్‌లో పంది తిన్న మక్కజొన్నకి ఒక గడి ఉంది. మన దగ్గర ఆగిపోయిన మెషీనుకి గడి లేదు. ఆ మాటకొస్తే భూటాన్‌లోనూ దుకాణదారుకి లేదు, రైతుకే ఉంది.

కొలతలో ఇంకో ఖాళీ ఉంది, దాన్ని ఎత్తకుండా భూటాన్ గురించి రాయడం మర్యాద కాదు. 1980ల చివర్లో జాతీయ వస్త్రధారణ, భాష అందరికీ తప్పనిసరి చేసి, దక్షిణాన ఉండే నేపాలీ మాట్లాడే ప్రజల పౌరసత్వాన్ని తిరగతోడారు. లక్ష మంది దాకా దేశం విడిచి తూర్పు నేపాల్ శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపారు. 2007 తర్వాత వాళ్లలో ఎక్కువమంది అమెరికా మొదలైన చోట్ల స్థిరపడ్డారు. 2010లో సర్వే వాళ్లు తలుపు కొట్టినప్పుడు ఆ ఇళ్లలో వాళ్లు లేరు. ఉన్నవాళ్లని అడిగితే వచ్చే సగటు అది. లేనివాళ్ల గురించి ఏ సగటూ మాట్లాడదు.

ఇప్పుడు ఇంకో తరం వెళ్లిపోతోంది, ఈసారి ఎవరూ తరమకుండానే. ఎనిమిది లక్షల జనాభా కూడా లేని దేశం నుంచి కుర్రవాళ్లు, టీచర్లు, నర్సులు, గుమాస్తాలు ఆస్ట్రేలియా దారి పట్టారు, ఎక్కువమంది పెర్త్‌కి. 2023 డిసెంబరులో ఇప్పటి రాజు గెలెఫూ దగ్గర ఒక కొత్త నగరం కడతామని ప్రకటించాడు, వీళ్లని వెనక్కి రప్పించే ఆశతో. 2024 అక్టోబరులో స్వయంగా ఆస్ట్రేలియా వెళ్లి పెర్త్‌లో తన ప్రజల్ని కలిశాడు. తన జనం ఉన్నచోటికే ఒక రాజు వెళ్లాల్సి రావడం సూచీలో 0.781 అని తేలిన రెండేళ్లకే జరిగింది. వెళ్లినవాళ్లలో చాలామంది ఆ లెక్క ప్రకారం 'చాలినంత' ఉన్నవాళ్లే అయ్యుంటారని నా అనుమానం. ఇంట్లో ఫోను, టీవీ, ఫ్రిజ్జు ఉన్నాయి. ఆదాయం పేదరికపు గీతకి ఒకటిన్నర రెట్లు దాటే ఉంటుంది. వయసు పాతికేళ్లు. ఆ గీత దగ్గర ఆగమన్నది వాళ్లు కాదు.

పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2018 జూలైలో పల్చటి ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించింది, 2022లో మందపాటివాటినీ. పెర్త్‌లో సూపర్‌మార్కెట్‌కి సంచి మరిచిపోయి వెళితే డబ్బులిచ్చి కాగితం సంచి కొనుక్కోవాలి. థింపూలో తన దేశం వద్దన్నదాన్నే అక్కడ పరాయి దేశం వద్దంటుంది, థింపూలో కన్నా గట్టిగా. ఆ కోపంతో తిరుగు విమానం ఎక్కిన భూటాన్ కుర్రాణ్ణి నేనెరగను. దోమా చుట్టే ప్లాస్టిక్ దొరకడం లేదని పెర్త్ విమానం ఎక్కినవాడూ ఉండడు.